పాలు, క్రీమ్ లేకుండా చిక్కటి కూరగాయల సూప్: జీడిపప్పు వేయాలా, ఎర్రపప్పు వేయాలా, కొబ్బరిపాలా, నువ్వులా?

పోయిన సంక్రాంతికి మా బిడ్డ బెంగళూరు నుంచి హన్మకొండకు వచ్చినప్పుడు పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేశానని చెప్పింది. పప్పు, కూర, పచ్చిపులుసు దగ్గర నాకేం ఇబ్బంది రాలేదు, నెయ్యి బదులు నూనె పోపు పెడితే అయిపోయింది. కానీ చలికాలం సాయంత్రం మా ఇంట్లో అందరం కూర్చొని తాగే చిక్కటి సూప్ ఒకటి ఉంది, దాంట్లో నేను ఎప్పుడూ పాల మీగడో వెన్నో వేసేదాన్ని, అది లేకుండా చేస్తే కూరగాయలు ఉడకబెట్టిన నీళ్లలాగా వచ్చింది. బిడ్డ ఏమీ అనకుండా తాగింది, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. అప్పటి నుంచి వారానికి రెండు మూడు సార్లు ఒక్కో పద్ధతిలో చేసి చూశాను. ఏది ఏ కూరగాయకు కుదురుతుంది, ఏది డబ్బు దండగ, ఏది చెడిపోతుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది వీగన్ సూప్ అనగానే జీడిపప్పు ఒక్కటే దారి అనుకొని ఆ ఖర్చు చూసి ఆగిపోతున్నారు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. వీగన్ అంటే శాకాహారమే కానీ పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, పనీర్, తేనె కూడా ఉండవు, జంతువు నుంచి వచ్చేది ఏదీ ఉండదు. పాలు పడనివాళ్లకు, అంటే తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లకు కూడా ఇదే సూప్ పనికొస్తుంది.

మీగడ ఏం చేస్తుందో ముందు అర్థం చేసుకోండి

నాకు ఇది అర్థం కావడానికి నెల పట్టింది. మీగడ వేసిన సూప్ నోట్లో పెట్టుకోగానే మనకు నచ్చేది ఒకటి కాదు, మూడు. చిక్కదనం, కమ్మదనం, నునుపు. చిక్కదనం అంటే గంటెతో తీస్తే నీళ్లలా జారిపోకుండా నిదానంగా జారడం, ఇది పిండిపదార్థం నుంచి వస్తుంది, ఆలుగడ్డ, బియ్యం, పప్పు, జొన్నపిండి ఇచ్చేది ఇదే. కమ్మదనం కొవ్వు నుంచి వస్తుంది, జీడిపప్పు, కొబ్బరి, నువ్వులు, పల్లీలు, మామూలు నూనె ఇచ్చేది ఇది. నునుపు మాత్రం ఏ వస్తువు నుంచీ రాదు, బాగా ఉడికించి, బాగా తిప్పి, అవసరమైతే వడకడితేనే వస్తుంది. నేను చేసిన తప్పు ఏంటంటే కమ్మదనం తక్కువైన చోట ఇంకో ఆలుగడ్డ వేసేదాన్ని, అప్పుడు సూప్ ఇంకా గట్టిపడేది తప్ప రుచి వచ్చేది కాదు. నూనె రెండు చెంచాలు పోసి ఉంటే సరిపోయేది. కాబట్టి మీ సూప్ బాలేదనిపిస్తే ఈ మూడింట్లో ఏది తగ్గిందో ముందు చూడండి, తర్వాతే డబ్బాలోకి చెయ్యి పెట్టండి.

అన్నింటికీ ఒకటే మూలం

పోల్చాలంటే కింద సూప్ ఒకేలా ఉండాలి కదా, అందుకని నలుగురికి నేను పెట్టుకున్న లెక్క ఇది. అర కిలో కూరగాయలు, ఒక పెద్ద ఉల్లిగడ్డ, నాలుగైదు ఎల్లిపాయ రెబ్బలు, రెండు పెద్ద చెంచాల నూనె, నాలుగు గ్లాసుల నీళ్లు అంటే ముప్పావు లీటరు నుంచి లీటరు మధ్య, ఉప్పు, మిరియాల పొడి, చివర అర నిమ్మచెక్క. ఉల్లిగడ్డ సన్నని మంట మీద పది నిమిషాలు మగ్గాలి, ఎర్రబడొద్దు, అద్దంలా మెత్తబడాలి, ఉప్పు అప్పుడే చిటికెడు వేస్తే తొందరగా నీరు వదులుతుంది. ఈ పది నిమిషాలు మిగిల్చుకోవాలని చూస్తే సూప్‌లో పచ్చి వాసన చివరిదాకా పోదు, తర్వాత ఎంత జీడిపప్పు వేసినా అది కప్పిపెట్టదు. తర్వాత కూరగాయల ముక్కలు వేసి రెండు నిమిషాలు కలిపి, నీళ్లు పోసి, కుక్కర్‌లో అయితే రెండు విజిల్స్, గంజులో అయితే మూత పెట్టి ఇరవై నిమిషాలు. క్యారట్ ముక్క గంటె వెనకతో నొక్కితే చితికిపోవాలి. కూరకు ఉడికినంత ఉడికితే చాలదు, ఇంకొంచెం ఎక్కువే కావాలి.

నిమ్మరసం దించాకే పిండాలి. పాలు లేని సూప్‌లో ఏదో లోటుగా ఉన్నట్టు అనిపిస్తే చాలాసార్లు తక్కువైంది ఉప్పో పులుపో అయి ఉంటుంది, మీగడ కాదు.

జీడిపప్పు

రుచిలో మీగడకు అన్నింటికన్నా దగ్గరగా వచ్చేది ఇదే, అందులో వాదన లేదు. జీడిపప్పులో కొవ్వు నూటికి నలభై పాళ్ల పైనే ఉంటుంది, దాంతో పాటు కొంత పిండిపదార్థం కూడా ఉంటుంది, అందుకే ఇది ఒక్కటే చిక్కదనం, కమ్మదనం రెండూ ఇస్తుంది. పైగా సొంత వాసన తక్కువ, గోబిపువ్వు వేస్తే గోబి రుచే వస్తుంది, పుట్టగొడుగులు వేస్తే వాటి రుచే వస్తుంది. నలుగురికి పదిహేను గింజలు చాలు. పిడికెడు పిడికెడు వేసేవాళ్లను చూశాను, అప్పుడది సూప్ కాదు, కుర్మా గ్రేవీ అవుతుంది, అర గ్లాసు తాగేసరికి కడుపు నిండిపోతుంది.

నానబెట్టడంలోనే అసలు పని ఉంది. వేడినీళ్లలో అరగంట, చన్నీళ్లలో అయితే రెండు మూడు గంటలు. నానిన గింజను వేళ్ల మధ్య పెట్టి నొక్కితే రెండు బద్దలుగా విడిపోయి అంచు మెత్తగా నలగాలి, టక్కున విరిగితే ఇంకా నానలేదన్నట్టు. చట్నీ జార్‌లో రెండు చెంచాల నీళ్లతో ముందు ముద్ద చేసి, తర్వాత ఇంకొన్ని నీళ్లు పోసి మళ్లీ తిప్పాలి, మొదటే నీళ్లు ఎక్కువ పోస్తే గింజలు బ్లేడు నుంచి తప్పించుకొని రవ్వలాగా మిగిలిపోతాయి. ముద్దను రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి, గరుకు తగిలితే సూప్‌లోనూ తగులుతుంది. దించే ముందు కలిపి రెండు మూడు నిమిషాలు సన్నని మంట మీద ఉంచితే చిక్కబడుతుంది, అడుగంటుతుంది కాబట్టి కలుపుతూనే ఉండాలి.

ధర సంగతి. కిలో ఎర్రపప్పు వచ్చే డబ్బుకు ఇంచుమించు వంద గ్రాముల జీడిపప్పే వస్తుంది. అందుకని నేను గుండు గింజలు కొనను, వరంగల్ బీట్ బజార్ వైపు వెళ్లినప్పుడు ముక్క జీడిపప్పు తెచ్చుకుంటాను. ఎలాగూ రుబ్బేదే కదా, రుచిలో తేడా ఏం ఉండదు, ధరలో ఉంటుంది. కాకపోతే కొనేముందు ఒక ముక్క నమిలి చూడండి, పాత సరుకైతే నూనె కంపు వస్తుంది, ఒక్క పిడికెడు అలాంటిది పడితే మొత్తం సూప్ పోయినట్టే. ఇంకో సంగతి, జీడిపప్పు, పల్లీలు పడనివాళ్లు ఉంటారు, చుట్టాలకు పెట్టేటప్పుడు, ముఖ్యంగా వాళ్ల పిల్లలకు పెట్టేటప్పుడు, ముందే అడగండి.

ఎర్రపప్పు, లేదా పెసరపప్పు

రోజువారీకి నా ఓటు దీనికే. ఎర్రపప్పును మైసూర్ పప్పు అని కూడా అంటారు, మూడు పెద్ద చెంచాలు కడిగి కూరగాయలతో పాటే కుక్కర్‌లో వేస్తే వేరే గిన్నె లేదు, నానబెట్టడం లేదు, మిక్సీలో రెండు తిప్పులకే కలిసిపోతుంది. పైగా కడుపు నింపుతుంది, పప్పు బరువులో దాదాపు పావు వంతు మాంసకృత్తులే. పాలు మానేసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఉత్త కూరగాయల సూప్ తాగి పడుకుంటే రాత్రి పదింటికల్లా ఆకలి అవుతుంది.

దీనికున్న ఇబ్బంది ఒకటే, పప్పు వాసన. మొదటిసారి ఐదు చెంచాలు వేశాను, మా అత్తమ్మ రెండు చెంచాలు తాగి "గిది మన పప్పుచారు లెక్కనే ఉన్నది గదా, మిర్యాలెక్కువేసినవ్ గంతే" అన్నది. ఆమె అన్నది నిజం. మూడు దాటితే అది సూప్ కాదు, పప్పే. మూడు చెంచాలు వేసి, ఉల్లిగడ్డ మగ్గేటప్పుడు ఒక బిర్యానీ ఆకు వేసి, చివర నిమ్మరసం పిండితే పప్పు వెనక్కి పోయి క్యారట్, టమాట ముందుకొస్తాయి. పప్పులో కొవ్వు ఉండదు కాబట్టి కమ్మదనం కోసం పైన ఒక చెంచా నూనె తప్పకుండా పోయాలి, ఎల్లిపాయను ఆ నూనెలో దోరగా వేయించి పోస్తే ఇంకా బాగుంటుంది. ఎర్రపప్పు ఎరుపు, నారింజ రంగు కూరగాయలకు కుదురుతుంది, ఉడికితే పసుపు రంగుకు తిరుగుతుంది కాబట్టి పాలకూరలో వేస్తే రంగు చెడిపోతుంది. తెల్లగా రావాల్సిన సొరకాయ, గోబి సూప్‌లకు పెసరపప్పు మేలు, కొంచెం దోరగా వేయించి వేస్తే పచ్చి వాసన ఉండదు. ఇప్పుడు మా అత్తమ్మ రాత్రిపూట అన్నం బదులు ఇదే తాగుతోంది, పళ్లు లేనివాళ్లకు ఇంతకన్నా సుఖమైన భోజనం లేదు.

ఆలుగడ్డ, బియ్యం, జొన్నపిండి

చేతిలో ఏమీ లేనప్పుడు ఆలుగడ్డ ఉంటుంది. మధ్యరకం గడ్డ ఒకటి చాలు. దీంట్లో చాలామందికి తెలియని చిక్కు ఏంటంటే మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే ఆలుగడ్డలోని పిండి అంతా బయటికొచ్చి సూప్ బంక బంకగా సాగుతుంది. గంటె ఎత్తితే తీగలాగా వస్తుంది, ఒకసారి అలా అయ్యాక దాన్ని బాగుచేసే మార్గం లేదు. కాబట్టి ఆలుగడ్డ వేసిన రోజు పప్పుగుత్తితో మెదిపి, మిగతా కూరగాయలను మాత్రం మిక్సీలో వేసి, రెండూ కలపండి. ఫ్రీజర్‌లో పెట్టుకుందాం అనుకుంటే ఆలుగడ్డ సూప్ వద్దు, కరిగాక గరుకుగా, నీళ్లు విడిపోయి ఉంటుంది.

బియ్యం గురించి ఎవరూ మాట్లాడరు కానీ గంజి తాగి పెరిగిన మనకు ఇది కొత్త కాదు. రెండు చెంచాల బియ్యం కూరగాయలతో పాటు ఉడికించి తిప్పితే సూప్ తెల్లగా, మెత్తగా వస్తుంది, పొద్దున వండిన అన్నం పిడికెడు మిగిలితే అదీ వేయొచ్చు. రుచి ఏమీ ఇవ్వదు, ఏమీ తీసుకోదు. జ్వరం వచ్చి లేచినవాళ్లకు నేను ఇదే చేస్తాను, ఆనిగెపుకాయ అంటే సొరకాయ, బియ్యం, నాలుగు మిరియాలు, అంతే.

జొన్నపిండి నాకు చాలా ఇష్టమైనది. అంబలి, గట్క అలవాటున్న ఇళ్లలో ఆ రుచి కొత్తగా అనిపించదు. రెండు చెంచాల పిండి చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఉడుకుతున్న సూప్‌లో సన్నని ధారగా పోస్తూ కలపాలి, వేడినీళ్లలో నేరుగా వేస్తే ఉండలు కడతాయి. తర్వాత ఏడెనిమిది నిమిషాలు ఉడికితే తప్ప పచ్చి పిండి వాసన పోదు. పాలకూర, తోటకూర, మెంతికూర లాంటి ఆకుకూరల సూప్‌కు దీన్ని మించింది లేదని నా నమ్మకం, ఎందుకంటే ఆకు వగరును జొన్న మట్టి వాసన పట్టుకుంటుంది. కానీ క్యారట్, గుమ్మడి లాంటి తియ్యటి వాటిలో వేయకండి, రెండూ కలవవు.

ఈ మూడింటిలోనూ కమ్మదనం లేదు, నూనె మీరే పోసుకోవాలి.

కొబ్బరిపాలు

కొబ్బరిపాలు వేస్తే ఏ సూప్ అయినా రుచిగానే ఉంటుంది, కానీ ఏ సూప్ అయినా కొబ్బరి సూప్ అయిపోతుంది. ఇది మనసులో పెట్టుకోండి. గుమ్మడికాయ, క్యారట్, చిలగడదుంప, అల్లం పడిన ఎర్రపప్పు సూప్, వీటికి బ్రహ్మాండంగా కుదురుతుంది. టమాట సూప్‌లో వేసి నేను ఒకసారి చుట్టాల ముందు ఇబ్బంది పడ్డాను. టమాట పులుపు, పైన పెద్ద మంట, రెండూ కలిసి పాలు విరిగి పైన చిన్న చిన్న తెల్ల పలుకులు తేలాయి, ఎంత కలిపినా కలవలేదు. చివరికి మిక్సీలో వేసి తిప్పి పోశాను, తాగారు కానీ నునుపు రాలేదు. దించాక, పొంగు తగ్గాక, అర గ్లాసు చిక్కటి పాలు కలిపి మళ్లీ మరిగించకుండా వడ్డించాలి. ప్యాకెట్ కొబ్బరిపాలు అంత తొందరగా విరగవు, వాటిలో విరగకుండా ఉంచే పదార్థాలు కలుపుతారు.

మనది కొబ్బరి పండే ప్రాంతం కాదు, ఇక్కడికొచ్చే కాయ కోనసీమ వైపు నుంచో ఇంకెక్కడి నుంచో రావాల్సిందే. కాయ కొట్టి, తురిమి, గోరువెచ్చటి నీళ్లతో తిప్పి, బట్టలో పిండితే ఒక కాయకు నలుగురి సూప్‌కు సరిపడా మొదటి పాలు వస్తాయి, కానీ పని దినం సాయంత్రం ఆ పని ఎవరు చేస్తారు? ఇంట్లో పూజకు కొట్టిన కాయ ఉన్న రోజు మాత్రం నేను ఇదే చేస్తాను. ఎండాకాలం వద్దే వద్దు, మన దగ్గర ఎండలకు కొబ్బరిపాలు పోసిన సూప్ సాయంత్రం నుంచి రాత్రికి బయట పెడితేనే పులిసిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు గడ్డకడుతుంది, అది చెడిపోయినట్టు కాదు, సన్నని మంట మీద వేడి చేస్తే కరిగిపోతుంది.

నువ్వులు, పల్లీలు

సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లీల సద్ది చేసుకునే మనం సూప్ దగ్గరికొచ్చేసరికి ఇవి ఎందుకు మరిచిపోతామో నాకు అర్థం కాదు. జగిత్యాల వైపు ఎండాకాలం పంటగా నువ్వులు వేస్తారు, మన ఇళ్లలో సకినాల పిండి కోసమైనా డబ్బాలో ఉంటాయి. నువ్వుల్లో సగం బరువు నూనే, కాబట్టి రెండు చెంచాలు చాలు. సన్నని మంట మీద చిటపటమనే దాకా వేయించాలి, రంగు మారగానే దించేయాలి, ఒక్క నిమిషం ఎక్కువైతే చేదు వస్తుంది, ఆ చేదు సూప్ అంతా పాకుతుంది. చల్లారాక ముందు పొడిగా, తర్వాత కొంచెం నూనె, నీళ్లు పోసి వెన్నలాగా అయ్యేదాకా తిప్పాలి.

నువ్వుల ముద్దకూ గుమ్మడికాయకూ ఉన్న జోడీ ఏ జీడిపప్పుకూ లేదు. గుమ్మడి తీపి, నువ్వుల కమ్మటి వాసన, పైన కొంచెం ఎండుమిర్చి నూనె, జనవరి చలిలో అది తాగితే గొంతు నుంచి కడుపు దాకా వెచ్చగా దిగుతుంది. కాల్చిన వంకాయ సూప్‌కూ ఇదే. కాకపోతే రంగు కొంచెం మట్టి రంగుకు తిరుగుతుంది, పొట్టు తీసిన తెల్ల నువ్వులు వాడితే తక్కువ తిరుగుతుంది.

పల్లీలు మాత్రం జాగ్రత్త. చవక, కమ్మగా ఉంటాయి, కానీ వాసన బలం ఎక్కువ. టమాట, ఎండుమిర్చి, ఎల్లిపాయ ఉన్న ఘాటు సూప్‌లో వేయించి పొట్టు తీసిన రెండు చెంచాల పల్లీలు బాగుంటాయి. గోబి, సొరకాయ లాంటి మెత్తటి రుచుల్లో వేస్తే పల్లీ చట్నీ నీళ్లు పోసి తాగినట్టుంటుంది.

సోయా పాలు, ఓట్స్, కార్న్‌ఫ్లోర్

వీటి మీద ఎక్కువ రాయను. సోయా పాలు ప్యాకెట్ కొనేటప్పుడు చక్కెర లేనిది, వెనిలా వాసన లేనిది చూసుకోవాలి, మన దగ్గర చిన్న దుకాణాల్లో ఎక్కువగా తియ్యటిదే దొరుకుతుంది. పులుపు తగిలితే విరుగుతుంది, అసలు టోఫు చేసేదే అలా కదా, కాబట్టి టమాటకు, నిమ్మకు దూరంగా ఉంచాలి. కొవ్వు తక్కువ, కమ్మదనం కూడా అంతే. ఓట్స్ రెండు చెంచాలు వేస్తే చిక్కదనం తొందరగా వస్తుంది, కానీ చల్లారితే జిగురుగా మారుతుంది, వెంటనే తాగేస్తాం అనుకుంటేనే వేయండి, మసాలా ఓట్స్ కాదు, సాదా ఓట్స్. కార్న్‌ఫ్లోర్‌తో వచ్చేది పెళ్లిళ్లలో గ్లాసుల్లో ఇచ్చే సూప్, మెరుస్తూ జారుతుంది, మీగడ పోలిక దాంట్లో ఏమీ ఉండదు. నేను మానేశాను. దాని బదులు వానాకాలంలో లేత మక్క కంకులు రెండు ఒలిచి, ఉడికించి, తిప్పి, వడకట్టి కలపండి, దాని పాలే చిక్కగా తియ్యగా ఉంటాయి. వడకట్టకపోతే పొట్టు పళ్ల మధ్య ఇరుక్కుంటుంది.

మిక్సీ దగ్గర తొందరపడొద్దు

ఇది పోలిక కాదు కానీ రాయకుండా ఉండలేను. ఒకరోజు కుక్కర్ దించగానే వేడి వేడి క్యారట్లు, నీళ్లు జార్ నిండా పోసి మూత పెట్టి తిప్పాను. లోపలి ఆవిరి ఒక్కసారిగా మూతను తన్నింది, గోడ మీద, నా ఎడమ ముంజేతి మీద పడింది, బొబ్బలెక్కి పది రోజులు ఆ చెయ్యి నీళ్లలో పెట్టలేకపోయాను. పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. ముందు ముక్కలు వడకట్టి తీసి వాటినే కొన్ని చన్నీళ్లతో తిప్పి, ఉడికిన నీళ్లు తర్వాత గంజులో కలపండి. జార్ సగానికి మించి నింపొద్దు, మూత మీద మడిచిన బట్ట వేసి అరచేత్తో నొక్కి పట్టి, ముందు ఒక్క క్షణం తిప్పి ఆపి, మళ్లీ తిప్పాలి. వారానికి రెండుసార్లు సూప్ చేసే ఇల్లయితే హ్యాండ్ బ్లెండర్ కొనుక్కోవడం మంచిది, గంజులోనే పెట్టి తిప్పొచ్చు, కాకపోతే జీడిపప్పు, నువ్వుల ముద్ద దాంతో నునుపుగా రాదు, వాటికి చట్నీ జారే కావాలి.

బీన్స్, మక్కలు, పచ్చి బఠాణీ, పాలకూర కాడలు వేసిన రోజు పెద్ద స్టీల్ జాలిలో వడకట్టండి. గోబి, గుమ్మడి, క్యారట్ అయితే అక్కర్లేదు.

ఏ కూరగాయకు ఏది

గోబిపువ్వు అన్నింటికన్నా తేలిక, బాగా ఉడికించి తిప్పితే దానికదే మీగడలాగా వస్తుంది, దానికి చిక్కదనం అవసరమే లేదు, ఆరేడు జీడిపప్పులు లేదా రెండు చెంచాల నూనె చాలు. ఇది తెలిశాక నా జీడిపప్పు ఖర్చు సగం తగ్గింది. చలికాలంలో కుమార్‌పల్లి మార్కెట్‌లో గోబి చవకగా ఉన్నప్పుడు రెండు పువ్వులు తెచ్చి ఒకటి కూరకు, ఒకటి సూప్‌కు పెడతాను. గుమ్మడికాయ కూడా తనంతట తానే చిక్కగా వస్తుంది, దానికి నువ్వులో కొబ్బరిపాలో. సొరకాయ అంతా నీళ్లే కాబట్టి పెసరపప్పు గానీ బియ్యం గానీ తప్పదు, వండే ముందు పచ్చి ముక్క కొరికి చూడండి, చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి, ఆ చేదు విషం, ఉడికించినా పోదు. టమాటకు ఎర్రపప్పు. పాలకూరకు జొన్నపిండి, లేదంటే ఆలుగడ్డ. పుట్టగొడుగులకు మాత్రం జీడిపప్పే, అక్కడ నేను రాజీ పడను. అన్నీ కలిపిన కూరగాయల సూప్ అయితే రెండు చెంచాల ఎర్రపప్పు, ఎనిమిది జీడిపప్పులు కలిపి వేస్తాను, ఒకటి చిక్కదనానికి, ఇంకోటి కమ్మదనానికి. నెలకోసారి నలుగురిని పిలిచినప్పుడు కూడా ఇదే పెడుతున్నాను, పాలు లేవని ఎవరూ గుర్తుపట్టలేదు.

ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి మోసపోకండి

ఆకుపచ్చ చుక్క అంటే శాకాహారం అని మాత్రమే, పాలు కలిసిన వాటికీ అదే చుక్క ఉంటుంది. రెడీమేడ్ సూప్ పొడుల్లో చాలావాటిలో పాలపొడి, వెన్న పొడి ఉంటాయి, 'నాన్ డెయిరీ' అని రాసిన, పాల బదులు కాఫీలో కలిపే క్రీమర్ పొడుల్లో కూడా పాల నుంచి తీసే సోడియం కేసినేట్ కలుపుతారు, వెనకవైపు పదార్థాల జాబితా చదివితే తెలుస్తుంది. జాబితా కింద పాలు ఉన్నాయని విడిగా రాసే వరుస ఒకటి ఉంటుంది, ముందు అది చూడండి. 2022లో ఆహార భద్రత సంస్థ వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు తెచ్చింది, దానికి ప్రత్యేకమైన గుర్తు కూడా ఉంది, ఆ గుర్తు ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. సూప్‌తో పాటు ఇచ్చే బ్రెడ్ కూడా చూసుకోవాలి. బేకరీ బ్రెడ్‌లో పాలో వెన్నో కలిపారా అని నోరు తెరిచి అడగాలి, లేదంటే మన జొన్నరొట్టెను చిన్న ముక్కలుగా తుంచి, నూనె రాసి, పెనం మీద కరకరలాడేలా వేయించి పైన వేయండి. మా బిడ్డ ఇప్పుడు బెంగళూరులో తన గదిలో కూడా అదే చేసుకుంటోంది.

మిగిలితే

ఎర్రపప్పు సూప్, జీడిపప్పు సూప్ ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. తెల్లారి చూస్తే గట్టిగా ముద్దలా అయి ఉంటాయి, భయపడొద్దు, అర గ్లాసు వేడినీళ్లు పోసి కలుపుతూ వేడి చేసి, ఉప్పు మళ్లీ చూసుకోండి, నీళ్లు పడ్డాయి కాబట్టి తగ్గి ఉంటుంది. అసలు నీళ్లు పోయకుండానే దాంట్లో ధనియాల పొడి, కారం, ఉడికిన బఠాణీలు, ఆలుగడ్డ ముక్కలు వేసి పది నిమిషాలు మగ్గిస్తే చపాతీలోకి కూర అయిపోతుంది. మా ఇంట్లో ఆదివారం రాత్రి సూప్ కావాలనే రెండు గ్లాసులు ఎక్కువ చేసేది సోమవారం పొద్దున టిఫిన్ డబ్బాల కోసమే.